మామగారి పేరు

"మావయ్యా! ఓ మావయ్యా!"

ముందుకు పొడుచుకొచ్చిన పడవ ముక్కు మీద బోర్లా పడుకుని బెగైమ్ అరుస్తోంది. గాలి ఆ అరుపుని నోట్లోనే కుక్కేస్తోంది. ఇందాకే ఆ ముక్కు మీద నిలబడి, "ఇదీ ఒక గాలేనా? దీనికే ఒడ్డుకి పరిగెత్తాలా?" అని మీసం దువ్విన మామగారు, అల అడ్డంగా కొట్టేసరికి నీళ్ళలో పడ్డాడు. ఆ వెంటనే ఇంజనూ ఆగిపోయింది.

పొద్దున షికారుకి బయల్దేరినప్పుడు ఇస్సిక్ కుల్ సరస్సు పాలు తాగిన పసిపాపలా పడుకుని ఉంది. పడమటి కనుమలోంచి ఉలాన్ గాలి దిగిందంటే మాత్రం ఈ సరస్సు ఎవరినీ గుర్తుపట్టదు. మే నెలైనా ఆ నీళ్ళు ఎముకలు కొరికేస్తాయి. అందులో పడ్డవాడికి ఎక్కువ సేపు లేదని పడవలో ఉన్న అత్తాకోడళ్ళిద్దరికీ తెలుసు.

"ఎల్దియార్ వాళ్ళ నాన్నా! ఎక్కడున్నావయ్యా!" అత్తగారు కలిచా, కొడుకు పేరుతో మొగుణ్ణి పిలుస్తూ, పడవ వెనకనుంచి కేకేసింది. "లైఫ్ జాకెట్ వేసుకోమని చెప్పానా లేదా? వింటేనా! మెత్తగా ఉందని కింద వేసుకుని కూర్చున్నాడు!"

"ఇప్పుడు తిట్టకండి అత్తమ్మా!"

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడే? దొరికాక తిట్టనా?" అని ఆగింది. "దొరుకుతాడంటావా?"

వానా తుంపరా కలిసి పడవ చుట్టూ తెర కట్టేశాయి. బారెడు దూరం కూడా ఆనడం లేదు. తక్కిన పడవలన్నీ ఎప్పుడో ఒడ్డుకి చేరాయి. ఫోను తడిసి చచ్చింది.

"అదుగో!"

అల మీద ఏదో తెల్లగా కనిపించింది. బెగైమ్ తెడ్డుతో దాన్ని దగ్గరికి లాగింది. మామగారి ఉన్ని టోపీ, కల్పాక్. కింద మనిషి లేడు.

తడిసిన ఆ టోపీని గుండెలకి హత్తుకుని ఏడ్చేసింది. కల్పాక్ లేకుండా ఆయన్ని ఆమె ఏనాడూ చూడలేదు. కాపురానికొచ్చిన ఈ ఏడాదిలో, కోడలున్న గదిలోకి ఆయన ముందు దగ్గకుండా అడుగుపెట్టలేదు. కోడలి ఎదుట మేజోళ్ళు కూడా విప్పలేదు. అంత మర్యాదస్తుడు. తండ్రి మొహం ఎరగని బెగైమ్‌కి గుమ్మం అవతల ఆ దగ్గు వినపడితే కొండంత ధైర్యం.

"అత్తమ్మా, చలికి బుర్ర మొద్దుబారితే వరసలు చెవికెక్కవట. పేరు పెట్టి పిలిస్తేనే పలుకుతారట. మీరు పిలవండి!"

"ఎవరూ, నేనా?" కలిచా నోరు తెరిచింది. ఊపిరి తప్ప ఏమీ బయటికి రాలేదు. "పెళ్ళైన నాటినుంచీ ఈ నోట పలకని పేరే అది. రావడం లేదే తల్లీ... రావడం లేదు!"

ఆయన పేరు జుమాకదిర్. కథ చెప్పుకునేవాళ్ళం, మనం హాయిగా అనేయొచ్చు. ఆ ఇంటి ఆడవాళ్ళు మాత్రం అనకూడదు. కోడలైతే అసలే అనకూడదు. అందో, ఇదేం పెంపకమని ఊరు ఊరంతా వెళ్ళి ఆమె తల్లిని కడిగేస్తుంది.

బెగైమ్ లేచి నిలబడింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"జుమాకదిర్!"

కలిచా రెండు చేతులతో నోరు మూసుకుంది. మరుక్షణం ఆ చేతులతోనే కోడలి వీపు మీద చరిచింది. "ఇంకా గట్టిగా! ఇంకా గట్టిగా అరువే!"

"జుమాకదిర్! ఓ జుమాకదిర్!"

గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు.

ఈసారి పడవ పక్కకి నల్లగా ఏదో కొట్టుకొచ్చింది. మనిషే అనుకుని ఇద్దరూ ఒక్కసారే వంగారు. తీరా లాగి చూస్తే దూది కుట్టిన మందపాటి ప్యాంటు, నీళ్ళు పీల్చి బరువెక్కి ఉంది. ఖాళీ ప్యాంటు.

కలిచా దాన్ని ఒళ్ళో వేసుకుని కూలబడింది. శోకం ఎత్తుకుంది.

"నా గుర్రాల రౌతా! నా ఇంటి దీపమా! నన్ను ఒంటిదాన్ని చేసి ఏ అడుక్కి పోయావయ్యా! నిన్న నేను కుట్టిన బొత్తాలైనా ఊడలేదు కదయ్యా, అప్పుడే నీకు..."

ఉన్నట్టుండి శోకం ఆగింది.

కలిచా ప్యాంటు తిరగేసి చూసింది. బెల్టు తెగలేదు, విప్పి ఉంది. బొత్తాలు ఊడిపోలేదు, ఒక్కొక్కటీ జాగ్రత్తగా తీసి ఉన్నాయి. ప్యాంటు వంక చూసింది. మళ్ళీ పడవ ముక్కు మీద పడుకుని, నీళ్ళకేసి చూస్తూ వెక్కుతున్న కోడలి వంక చూసింది.

"బెగైమ్! ఇలా వెనక్కి రా. కూర్చో. ఆ కల్పాక్ మొహం మీదికి లాక్కో."

"అత్తమ్మా, అవతల ఆయన మునిగిపోతుంటే..."

"లాక్కోమన్నానా! కళ్ళు మూసుకున్నావా? గట్టిగా చెప్పు. సరస్సంతా వినపడాలి!"

అత్తగారికి మతి చలించిందనుకుంది బెగైమ్. చెప్పినట్టే చేసింది. "మూసుకున్నాను! నాకేం కనపడటం లేదు!" అని ఏడుస్తూ అరిచింది.

గాలి ఒకసారి ఊళవేసి తగ్గింది. అప్పుడు పడవ ముక్కు కిందనుంచి, పడవ కట్టే తాడు నీళ్ళలోకి వేలాడుతున్న చోటునుంచి, ఎవరో దగ్గారు. ఆ వెనకే పళ్ళు టకటకలాడుతున్న చప్పుడు, ఒక గొంతూ వినపడ్డాయి.

"నా పేరెత్తిందెవరో ఒడ్డుకెళ్ళాక తేలుద్దాం, ముందా ప్యాంటు ఇలా పడెయ్యవే!"