వరుసలో చివరి చోటు

యుద్ధం పశువులు కాసుకునే మా డింకా తెగ ఊరిని కాల్చేశాక ఇథియోపియా వైపు నడిచాం. నడక సైన్యానిది, తిండి సన్యాసులది. సింహం పెద్ద మర్యాదస్తురాలు, వరుసలో చివరివాణ్ణే ఎత్తుకుపోతుంది. అందుకే అన్న కువోల్ పట్టుబట్టి చివర నడిచాడు. ఒక రాత్రి సింహం అతణ్ణే ఎత్తుకుపోయింది.

మనుషుల్ని లెక్కపెట్టడం మాకు అరిష్టం. అందుకని అందరూ ఉన్నారో లేదో తెలియడానికి చీకట్లో ఎవరి ఎద్దు పేరు వాళ్లం పలికేవాళ్లం. అన్న పోయిన రెండో రాత్రి అక్క అచోల్, ఆడపిల్లకి సొంత ఎద్దు ఉండదు కనుక, నాన్న ఎద్దు పేరు అరిచింది. నేను "మజోక్" అన్నాను. తమ్ముడు అతెం "మలువాల్" అన్నాడు.

వెనక నుంచి "మబియోర్" అని వినిపించింది. అది అన్న ఎద్దు.

"అన్నే!" అన్నాడు అతెం.

"అన్నయితే అడుగుల చప్పుడేదిరా? అక్కా, పలక్కే, పారిపోదాం!" అన్నాను నేను.

"నోర్ముయ్, పిరికి సన్నాసీ! మనకోసం చచ్చినోణ్ణి చీకట్లో వదిలేసి పోతామా?"

అక్క తమ్ముణ్ణి నా వీపుకెక్కించి, వెనకనున్న పొడుగు గడ్డి వైపు తిరిగి గట్టిగా అరిచింది. "ఒరేయ్ కువోల్! నీ వంతు అయిపోయింది. ముందుకెళ్లి దారి చూపించు. చివర నేనుంటా. ఏ సింహమొస్తుందో రమ్మను!"

గాలి లేదు. అయినా నా పక్కనున్న గడ్డి మెల్లగా విడిపోతూ ముందుకు సాగింది.

"నడువు," అంది అక్క, వెనక నుంచి.