పొద్దు గూకేలోపల

"ఇంకెంతసేపు ఆ మబ్బులను సూస్తా నిలబడతావు? బండి తియ్యి," అంది శోభ.

ఆదోని దాటి ఎమ్మిగనూరు రోడ్డెక్కగానే ఫోటోగ్రాఫర్ బసవరాజు స్కూటర్ పక్కకు ఆపి, కెమెరా బయటికి తీశాడు. పడమట నల్లమబ్బులు చీలి, వాటి అంచులు కొలిమిలో ఇనుములా ఎర్రబడ్డాయి. స్టూడియో పెట్టినప్పటి నుంచి ఇలాంటి ఆకాశం చూడలేదని, ఒక్క నిమిషం ఆగమని బతిమాలాడు. శోభకు ఒళ్లు మండింది. తనకు కావలసింది ఒట్టి ఆకాశం కాదని, దాని ముందు కూర్చున్న నాయన అని కడిగిపారేసింది. అతను కెమెరా మెడలో వేసుకుని బండెక్కాడు.

మధ్యాహ్నం నుంచీ ఆమెకు అందరి మీదా కోపమే. అప్పటిదాకా రమ్మని చెప్పని అన్న మీద కోపం. ఫోన్‌తో తీసుకుంటే సరిపోదా అన్న మొగుడు నరసింహ మీద కోపం. సూర్యుడికి ఎదురుగా ఫోన్‌తో తీస్తే మనిషి ముఖం నల్లగా పడుతుంది. నాయన ముఖం కనపడని ఫోటో ఎవరికి కావాలని అతని మీద విరుచుకుపడింది. ఇప్పుడు దారికి అడ్డంగా పోతున్న పత్తి లారీని తిడుతోంది. స్కూటర్ అద్దంలో సూర్యుడు కిందికి జారిపోతున్నాడు.

అన్నిటినీ మించిన కోపం నాయన కాశప్ప మీద. ఆమె చిన్నప్పుడు సాయంత్రమైతే చాలు, చేని గట్టున ఉన్న బండ మీద పక్కన కూర్చోబెట్టుకుని పొద్దు గూకేదాకా ఆకాశాన్ని చూపించేవాడు. ఆమె నరసింహను ఇష్టపడి చేసుకున్నాక ముఖం తిప్పేసుకున్నాడు. ఉగాదికి వెళితే లోపల గొళ్లెం పెట్టుకున్నాడు. ఆమె పట్టు విడవకుండా చేనికే వెళ్లి, ఆ బండ దగ్గర ఒక్క ఫోటో దిగుదామని అడిగింది. "నా గొంతులో పానముండగా నీ పక్కన కూసోను," అని లేచిపోయాడు. ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో ఒక్కటీ లేదు.

ఫోన్ మోగింది. అన్న ఉచ్చీరప్ప.

"యాడున్నావు శోభా? పెద్దోళ్లు గొణుగుతాండారు. పొద్దు గూకితే ఒప్పుకోరు."

"వస్తాండా. నేనొచ్చేదాకా నాయనను ఆడ్నే కూసోబెట్టు. కదిలిచ్చినారంటే ఊరుకోను."

చేను చేరేసరికి సూర్యుడు ఇంకా జానెడెత్తున ఉన్నాడు. బండ పక్కన కుర్చీలో కాశప్ప కూర్చుని ఉన్నాడు. కొత్త తెల్లచొక్కా, గులాబీరంగు రుమాలు, నుదుట అడ్డంగా విభూతి. చుట్టూ సగం ఊరు నిలబడి ఉంది. గుంపులోంచి ఒక ముసలాయన, నాయన ఇప్పుడు గుర్తొచ్చినాడా అని దెప్పాడు.

"నాకు గుర్తుండాడు. మర్సిపోయింది ఆయప్ప," అంది శోభ.

ఆమె నేరుగా కుర్చీ దగ్గరికి పోయి, నాయన ముఖంలోకి చూసింది.

"ఇప్పుడు లేసి పో నాయనా, సూస్తా."

కాశప్ప లేవలేదు. ఆమె బండ మీద కూర్చుంది. ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన వెనక్కి లాక్కోలేదు. దాంతో శోభ కోపం ఇంకా పెరిగింది. ఇంత సులువుగా ఇచ్చే చేతిని ఇన్నేళ్లు తనకు అందకుండా ఎందుకు దాచుకున్నాడో ఎవరైనా చెప్పాలనిపించింది. ఆడవాళ్లెవరో ముందుకు రాబోతే ఉచ్చీరప్ప వద్దని సైగ చేశాడు.

బసవరాజు మోకాళ్ల మీద కూర్చుని ఫ్లాష్ బిగించాడు. ఎవరినీ నవ్వమనలేదు. ఇద్దరి తలల మధ్యకు సూర్యుడు దిగేదాకా ఊపిరి బిగబట్టి, అప్పుడు నొక్కాడు. ముఖాలు రెండూ బాగా పడ్డాయని చెప్పాడు.

ఉచ్చీరప్ప వచ్చి చెల్లెలి వేళ్లను నాయన చేతిలోంచి మెల్లగా విడిపించాడు. ఆమె అతన్ని కూడా తిట్టింది. తిడుతూనే లేచి పక్కకు జరిగింది.

నలుగురు కాశప్పను ఎత్తుకుపోయి, తవ్విపెట్టిన సమాధిలో ఆచారం ప్రకారం కూర్చోబెట్టి మట్టి కప్పారు.