నవ్వించే పట్టీ

పైడితల్లి ఇంట్లో పగలంతా తొమ్మిది మంది పసిపిల్లలుంటారు. అందరి చేతులకూ నీలంగా వెలిగే పట్టీలే. ఏడుపు రాబోతుంటే పట్టీయే ఆపి నవ్విస్తుంది కాబట్టి తిండీ నిద్రా ఏ రోజూ వేళ తప్పవు.

ఈ రోజు మాత్రం రెండేళ్ల ఆద్య పట్టీని పైడితల్లి విప్పి పారేసింది.

సాయంత్రం ఆద్య తల్లి హిమజ వచ్చింది. "పాప ఇరవై నిమిషాలు ఏడ్చిందట, పక్కింటివాళ్ళు చెప్పారు. పట్టీ ఎందుకు తీశారు?" అని చిరునవ్వుతో అడిగింది.

పైడితల్లికి ఒళ్ళు మండింది. "తలుపు సందులో ఏలు నలిగి గోరూడిపోయిందమ్మా. అయినా నవ్వుతూనే ఉంది! అన్నంలో నెత్తురు సూసేక గాని నాకు తెలీలేదు. నొప్పెడితే పిల్ల ఏడవొద్దేటి?"

"అయ్యో పాపం," అంది హిమజ. చిరునవ్వు చెదరలేదు.

పైడితల్లి ఆమె ముంజేతి వైపు చూసింది. అక్కడా నీలి వెలుగే.

"ముందు నీది ఇప్పు. అప్పుడే పిల్లనిస్తాను."