తీగ మీద నింద

కార్లలో సీట్లు, అద్దాలు, కిటికీలు ఒకే సన్నతీగ మీద మాట్లాడుకునే పద్ధతిని సిండెల్‌ఫింగెన్ కార్ల ఫ్యాక్టరీలో తయారుచేసినవాళ్ళలో గేబ్‌హార్ట్ ఒకడు. నిదానమే గానీ ఆ తీగ తప్పు చేయదని ముప్పై ఏళ్ళు అందరితో వాదించాడు.

డాక్టరు ఆయన్ని డ్రైవింగ్ మానమన్నాక కారు కూతురు హెడ్విగ్ నడుపుతోంది.

"నాన్నా, రోజూ నేనెక్కేసరికి సీటు వెనక్కి జరిగి ఉంటోంది."

గేబ్‌హార్ట్ తన పొడుగాటి నడుం వంచి కాఫీ కలుపుతూ అన్నాడు. "తీగదే తప్పయ్యుంటుందమ్మా. మేం చేసింది అంత గొప్పదేం కాదులే."

ఆయన నోట ఆ మాట వినేసరికి హెడ్విగ్‌కు కళ్ళు చెమర్చాయి. నాన్న ముసలివాడైపోయాడనుకుంది.

షెడ్డులో మెకానిక్ అంతా పరీక్షించాడు. "తీగ బాగానే ఉంది మేడమ్. మీ రెండో తాళంచెవితో తీస్తే సీటు ఎవరో పొడుగాటాయనకు సరిపోయేట్టు జరుగుతుంది. ఇవాళ పొద్దున కూడా దాంతో పన్నెండు కిలోమీటర్లు తిరిగినట్టు కారులో నమోదైంది."