గన్నేరుకు పట్టిన వణుకు

వానలు మొహం చాటేసిన ఏడు. నెర్రెలిచ్చిన పెరట్లో పచ్చగా, ఒళ్ళంతా పూలతో మిగిలింది గన్నేరు ఒక్కటే. నిరుడు నాటిన కొమ్మ అది. మేకను ఎన్నడూ చూసి ఎరగదు.

ఆ రోజు మేకల మంద కంచె తోసుకుని లోపలికొచ్చింది. చూస్తుండగానే మందారం మోడయింది. ముళ్ళున్న రేగు కొమ్మను కూడా వదల్లేదు.

గన్నేరు ఆకులు వణికాయి. "నన్ను వదిలిపోకే," అంది, తన కొమ్మల్లో గూడు కట్టుకుంటున్న పిచ్చుకతో.

"ఎక్కడికి పోతాను, ఇక్కడే ఉన్నాగా," అంది పిచ్చుక.

ఆకలిమీదున్న మేకపిల్ల ఒకటి పరుగున వచ్చి మూతి చాచింది. గన్నేరు బిగుసుకుపోయింది. అంతలో ముసలిమేక అడ్డంపడి పిల్లను వెనక్కి నెట్టింది.

"అది గన్నేరు బిడ్డా. మీ అన్న నాలుగాకులు నమిలాడు, పొద్దుగూకేదాకా బతకలేదు. ప్రాణం పోయే ఆకలైనా దాని జోలికి పోవద్దు."

మందంతా బెదిరి వచ్చిన దారినే పోయింది.

"బతికిపోయానే," అంది గన్నేరు.

పిచ్చుక గూట్లో పరిచిన గన్నేరాకులను ఒకసారి చూసి ఎగిరిపోయింది.

మేకలు పోయినా గన్నేరు వణుకుతూనే ఉంది, ఈసారి తనను చూసుకుని.