పదింటి దుమ్ము

“పిన్నీ, ముందు ఆ సిగ్డీ ఆర్పేయండి!”

ప్రహరీ గోడ మీదుగా ఫణిశ్రీ అరిచిన అరుపుకి, పక్కింట్లో బొగ్గుల కుంపటి విసురుతున్న ఆండాళమ్మ ఉలిక్కిపడింది.

“నీళ్లు కాచుకోడానికి కూడా నీ పర్మిషన్ కావాలేటే?”

“సోమవారం దాకా గ్యాస్ మీద కాచుకోండి పిన్నీ. మేరీ నౌకరీకా సవాల్ హై, నా ఉద్యోగానికే ముప్పు!”

మెట్ల మీద కూర్చున్న తండ్రి సూర్యారావు పేపరు దించి నవ్వాడు. “కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్లేదు.”

ఫణిశ్రీ పర్యావరణ సలహాలిచ్చే కంపెనీలో చేరి నెలయింది. టాటీబంధ్ దగ్గర కట్టబోయే గోదాము కోసం, ఇప్పుడక్కడి గాలి ఎలా ఉందో కొలిపించి రిపోర్టు ఇవ్వడం ఆమె చేతికొచ్చిన మొదటి ప్రాజెక్టు. దుమ్ము కొలిచే మిషన్‌కి ఎవరూ కరెంటు ఇవ్వకపోతే ఆ దగ్గర్లోనే ఉన్న తమ డాబా మీదే పెట్టించి, బాస్ ప్రేమ్‌చంద్ చేత శభాష్ అనిపించుకుంది. ఆ శభాష్ మూడు రోజులు కూడా నిలవలేదు. రోజంతా బుద్ధిగా ఉండే దుమ్ము అంకె ఉదయం పదయ్యేసరికి ఇంతెత్తున లేచి, అరగంటలో దిగిపోతోంది. ఆ వేళకి ఆమె దూరంగా తెలీబంధాలో, ఆఫీసులో ఉంటుంది.

“ప్రాజెక్టు నడపడమంటే కారణం కనిపెట్టడం కూడా,” అన్నాడు ప్రేమ్‌చంద్. “సోమవారంలోగా చెప్పు. లేకపోతే దీన్ని మన ఆఫీసులోనే ఉన్న మహేశ్వరికి ఇచ్చేస్తాను. నిన్ను పర్మనెంట్ చేసే సంగతీ ఆలోచించాలి.”

అప్పట్నించి వీధికి మనశ్శాంతి కరువైంది. ఫణిశ్రీ చెత్త తగలబెట్టేవాళ్లని ఆపింది. రోడ్డు ఊడ్చే దాలమ్మ చేత ముందు నీళ్లు చల్లించింది. ఇంజను ఆపకుండా నిలబెట్టే లారీవాళ్లతో హిందీలో పోట్లాడింది. వీధంతా విసుక్కున్నా తల్లి బంగారమ్మ మాత్రం కూతురి పక్షమే.

“నువ్వు నిశ్చింతగా ఆఫీసుకెళ్లు. నీ మిషన్‌ని కంటికి రెప్పలా చూసుకునే పూచీ నాది,” అంది.

శనివారం పదింటికి ఆఫీసు కంప్యూటర్‌లో దుమ్ము లెక్క చూపే గీత మళ్లీ పైకి నిక్కింది. ఫణిశ్రీకి ఏడుపొక్కటే తక్కువ. తల్లికి ఫోన్ చేసింది.

“అమ్మా, డాబా ఎక్కి చూడు. పిన్ని సిగ్డీ వెలిగించిందా?”

“డాబా మీదే ఉన్నానే. సిగ్డీ బంద్. లారీలూ లేవు. ఎవరింటి నుంచీ పొగ రావట్లేదు.”

“మరి ఎందుకు పెరుగుతోంది? ఈ ఉద్యోగం నిలబడదమ్మా!”

“ఎందుకు నిలబడదు? నేనుండగా నీకేటి భయం?”

“నువ్వేం చేయగలవమ్మా?”

“నీకు దిష్టి తగలకుండా రోజూ ఈ మిషన్‌కి సాంబ్రాణి వేస్తున్నానుగా!”