తిమ్మప్ప ట్యాంకరు

తిమ్మప్ప తమ నీళ్లు అమ్ముకుంటున్నాడని వీధి వీధంతా తేల్చేసింది. దొంగ ఎవరో తెలిసిపోయింది, ఇక పట్టుకోవడమే తరువాయి.

రాప్తాడు దగ్గర, హైవేను ఆనుకుని పట్టుమని పది ఇళ్లు కూడా లేని వీధి అది. ఇళ్లలో బోర్లన్నీ ఎండిపోయాయి. పంచాయతీ ట్యాంకరే దిక్కు. డ్రైవరు తిమ్మప్ప వేళాపాళా లేకుండా వచ్చినా, రోజూ మాత్రం వచ్చేవాడు. అలాంటిది వారంగా ట్యాంకరు జాడే లేదు.

అందరికంటే ఎక్కువ మండిపోతున్నది ఇంద్రాణికి. కూతురు లహరి పురిటికొచ్చి ఉంది. పచ్చి బాలింత. చంటిదానికి స్నానం చేయించాలన్నా, గుడ్డలు ఉతకాలన్నా ఇంట్లో చుక్క నీళ్లు లేవు.

"యాడో హోటలుకు పోస్తాండాడు దొంగసచ్చినోడు," అంది పక్కింటి లలితమ్మ.

ఇంత కరువులోనూ ఆ వీధిలో మనసున్న మనిషంటే చివరింటి రామలింగయ్యే. ఆయనకు హార్డ్‌వేర్ అంగడి ఉంది. ఉన్న మిద్దె మీద ఇంకో మిద్దె కట్టిస్తున్నాడు.

"ఒకపక్క నా పని చప్పుడు, ఇంకోపక్క ఈ లారీల మోత. పసిబిడ్డ ఎట్ల నిద్రపోతాదమ్మా?" అంటూ మొన్నామధ్య అంగట్లోంచి రబ్బరు చుట్టలు తెప్పించాడు. వీధిలో అందరి కిటికీలకూ, తలుపు చట్రాలకూ చీమ దూరే సందు లేకుండా అంటించాడు. పైసా ముట్టుకోలేదు.

ఆ రబ్బరు మహిమ ఇంతా అంతా కాదు. తాడిపత్రి బండల లారీలు గుమ్మం ముందే పోతున్నా పక్క ఊళ్లో పోతున్నట్టుంది. ఇన్నేళ్ల కాపురంలో తన మొగుడు గురక పెడతాడని లలితమ్మకు అప్పుడే తెలిసింది. చంటిది ఆదమరిచి నిద్రపోతోంది. నడి ఎండలో వీధి మొత్తం తలుపులు బిగించుకుని కమ్మగా కునుకు తీస్తోంది.

తిమ్మప్ప సంగతి చెబితే రామలింగయ్య తెగ బాధపడిపోయాడు.

"దుడ్లకు ఆశపడినాడమ్మా. ఈ ఎండలో మీరు పోబాకండి, వానితో నేను మాట్లాడతా," అన్నాడు. అనడమే కాదు, తన సంపులోంచి రెండు బిందెలు తోడి ఇంద్రాణి ఇంటికి పంపించాడు. "మిద్దె పనికి కొనుక్కున్న నీళ్లమ్మా. బిడ్డకంటే గోడలు ఎక్కువనా?"

ఇంద్రాణికి కళ్లనీళ్లు తిరిగాయి. ఇలాంటివాళ్లు ఉండబట్టే లోకం ఇంకా నడుస్తోంది అనుకుంది.

కానీ బాలింత ఉన్న ఇంట్లో రెండు బిందెలు ఏ మూలకు? మర్నాడు పొద్దున్నే ఆవిడ కొంగు బిగించి, లలితమ్మను స్కూటీ వెనక ఎక్కించుకుని నేరుగా పంచాయతీ బోరు దగ్గరికి పోయింది.

తిమ్మప్ప ట్యాంకరు పక్కన నిలబడి, పైపుతో చక్రాల బురద కడుక్కుంటున్నాడు. ఇంద్రాణి ముందు ట్యాంకరు తాళంచెవి లాక్కుంది, ఆ తర్వాతే నోరు తెరిచింది.

"ఏమప్పా తిమ్మప్పా, మా నీళ్లు ఎవనికి అమ్ముకుంటాండావు? నా ఇంట్లో పచ్చి బాలింత ఉండాది!"

"స్టేషన్‌లో వేయిస్తాం నిన్ను!" అంటూ లలితమ్మ చెప్పు చేతిలోకి తీసుకుంది.

తిమ్మప్ప బిత్తరపోయి పైపు అటూ ఇటూ తిప్పాడు. ముగ్గురూ నిలువునా తడిసిపోయారు. వారం తర్వాత ఒంటిమీద నీళ్లు పడేసరికి లలితమ్మకు ప్రాణం లేచొచ్చింది గానీ, ఎత్తిన చెప్పు మాత్రం దించలేదు.

"అమ్ముకునేదేందక్కా! ఈ వారమంతా రోజూ మిట్టమధ్యానం మీ వీధికే వస్తాండా. చెయ్యి పడిపోయేదాకా హారను కొట్టినా ఒక్క తలుపూ తెరుచుకోదు, రామలింగయ్యన్న మాత్రం ఉరుక్కుంటా వచ్చి, 'వాళ్లకు నీళ్లు వద్దంటప్పా, అంతా నా సంపులోనే పోసెయ్' అంటాడు!"